అరగంటమ్మ పొరపాటు

మా ల్యాబులో ఆమెకు అరగంటమ్మ అని పేరు. ఎదురుగా ఎవరూ అనరు లెండి. ఎదురుగా అందరికీ ఆమె మేడమ్, నాకు మాత్రం అక్క. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు. నేను చేరేనాటికే అది పాతబడిపోయింది.

మాది డ్రిల్లింగ్ బురదను పరీక్షించే ల్యాబు. బురద అంటే వీధిలో కాలికి అంటుకునేది అనుకునేరు. చమురు బావి తవ్వేటప్పుడు గొట్టాల గుండా లోపలికి పంపే బురద ఇది. మట్టి, నీళ్లు, ఉప్పు, రకరకాల పొడులు కొలత ప్రకారం కలిపి చేస్తారు. తవ్విన రాతిపొడిని పైకి మోసుకొచ్చేది అదే, బావి గోడ కూలకుండా నిలబెట్టేదీ అదే. అయితే దానికో దుర్గుణం ఉంది. అందులోని నీరు, సన్నటి నలుసులు బావి గోడలోకి ఇంకితే రాతి సందులు పూడిపోతాయి. అప్పుడు కింద ఎంత చమురున్నా పైకి రాదు. తవ్వడానికి పోసిన బురదే బావి గొంతు నొక్కుతుందన్నమాట. అందుకని బావుల దగ్గర కలిపిన బురద డబ్బాల్లో మా దగ్గరికి వస్తుంది. ఎంత నీరు కారుతోంది, రాతిని ఎంత పాడుచేస్తోంది అని తేల్చి చెప్పడం మా పని. మా పని అంటున్నాను గానీ, నా పని టైపు కొట్టడం. పదకొండేళ్లుగా ఈ రిపోర్టులు కొట్టి కొట్టి, చేతికి మరక అంటకుండానే సగం శాస్త్రం నేర్చుకున్నాను.

నీరు కారే పరీక్ష చూడ్డానికి చాలా తేలిక. ఉక్కు గిన్నెలో బురద పోస్తారు. అడుగున వడపోత కాగితం, పైనుంచి గ్యాసు ఒత్తిడి. గిన్నె కింద సన్నటి గొట్టం, దాని కింద కొలజాడీ. అరగంటలో జాడీలోకి ఎంత నీరు చేరిందో చూసి రాసుకోవాలి. అంతే. కానీ అరగంట కూర్చునే ఓపిక ఎవరికుంది? ఏడున్నర నిమిషాలకు ఎంత కారిందో చూసి దాన్ని రెండుతో గుణిస్తే అరగంట లెక్క దాదాపుగా వచ్చేస్తుంది. మా వాళ్లంతా అదే చేసేవాళ్లు. మిగిలిన సమయంలో క్యాంటీన్‌లో కూర్చుని దేశాన్ని బాగుచేసేవాళ్లు. అక్క ఒక్కతే అరగంటా కూర్చునేది.

“గ్యాసు విప్పగానే జర్రున వచ్చేది వేరు, తర్వాత చుక్కచుక్కగా వచ్చేది వేరు. రెండింటినీ కలిపి గుణిస్తే అది లెక్కెలా అవుతుందే?” అనేది.

ఎత్తు స్టూలు మీద, చేతులు ఒళ్లో పెట్టుకుని, చుక్కల్ని చూస్తూ కూర్చునేది. పుస్తకం చదవదు, కబుర్లు చెప్పదు. నాకేమో కాలు ఒకచోట నిలవదు. రిపోర్టు కోసం గుమ్మంలో నిలబడి విసుక్కునేదాన్ని.

“అక్కా, అవి చుక్కలే, ముత్యాలు కావు. మీరు చూడకపోయినా పడతాయి.”

“పడతాయిలే. నువ్వెళ్లి టీ తాగి రా.”

“మరి మీరు?”

“నేనెక్కడికి పోతాను?”

నిజమే, ఆమె ఎక్కడికీ పోయేది కాదు. ఇరవై నాలుగో ఏట ఆ ల్యాబులో చేరింది. చేరిన కొత్తలో ఒక సంబంధం కుదిరి, మాటలన్నీ అయిపోయాక అబ్బాయి వెనక్కి తగ్గాడట. ‘రోజంతా బురద పిసికే పిల్లా?’ అన్నాడట. ఆ సంగతి అక్కే నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు. వాణ్ని వెతికి పట్టుకుని కడిగిపారేద్దామనిపించింది. ఆపాటికి వాడికి మనవలు కూడా పుట్టి ఉంటారు. తర్వాత తల్లి మంచాన పడింది, ఇక సంబంధాల ఊసెత్తే వాళ్లే లేకపోయారు. తల్లి పోయి ఆరేళ్లయింది. తమ్ముడు వేరే ఊళ్లో, అతని సంసారంలో అతను. నెలకోసారి ఫోన్ చేస్తాడు. ‘ఎలా ఉన్నావక్కా?’ అని అడిగి, జవాబు పూర్తయ్యేలోపే ఫోను పిల్లల చేతికిస్తాడు. పిల్లలు ‘హలో అత్తా’ అని మళ్లీ తండ్రికిచ్చేస్తారు.

ఒకసారి నాతో అంది: “శుక్రవారం సాయంత్రం ఇంటికెళ్లి తలుపేసుకుంటే, మళ్లీ సోమవారం పొద్దున బస్సు కండక్టర్ దగ్గరే నేను నోరు విప్పేది. ఒక్కోసారి గొంతు ఉందో పోయిందోనని గట్టిగా దగ్గి చూసుకుంటాను.” హాస్యానికే చెప్పింది. ఆ రోజు ఇంటికెళ్లాక మా పిల్లలు అరిచి గోల చేస్తుంటే నేను వాళ్లను తిట్టలేకపోయాను.

ఆమెతో రోజూ మాట్లాడే మనిషి నేను కాక ఇంకొకరే ఉన్నారు. దూరంగా ఒక బావి దగ్గర బురద కలిపే ఇంజనీరు. రోజూ పదింటికి ఆయన ఫోన్ వచ్చేది. ఫోను నా బల్ల మీదే ఉంటుంది. ఆయనకు పంపుల మోతలో అరిచి అరిచి అలవాటు, అందుకని రిసీవర్‌లోంచి ఆయన గొంతు నాకూ వినబడేది. పద్నాలుగేళ్లలో ఆ ఇద్దరూ ఎదురుపడింది మూడుసార్లో నాలుగుసార్లో. అక్క అంకెలు చెప్పేది, ఆయన రాసుకునేవాడు. ఆ తర్వాత రెండు నిమిషాలు వాన గురించి, మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకునేవాళ్లు. ఆయనా ఒంటరి మనిషే, భార్య పోయింది, రేకుల క్యాబిన్‌లో బతుకు.

“అంకెలు చెప్పడానికి జుట్టు సవరించుకోవడమెందుకక్కా?” అని ఏడిపించేదాన్ని.

“నోరు మూసుకో” అనేది. చెవులు ఎర్రబడేవి.

ఇక అసలు సంగతి. మాకు యాభై ఎనిమిది నిండితే రిటైర్మెంటు. అక్కకు ఇంకా మూడు నెలలుంది. పెద్దసారు, అంటే మా ల్యాబు అధికారి, సిఫార్సు చేస్తే ఇంకో రెండేళ్లు పొడిగిస్తారు. ఒక్కటే షరతు, సర్వీసు రికార్డులో మచ్చ ఉండకూడదు. అక్క రికార్డు కడిగిన పళ్లెంలా ఉంది. ఆ రెండేళ్ల కోసం ఆమె ఎంత ఆశపడిందో నాకు తెలుసు. జీతం కోసం కాదు. “ఇంట్లో కూర్చుని ఏం చూడమంటావే, గోడలా?” అంది ఒకరోజు. ఆ మాట అన్నప్పుడు ఆమె కళ్లలో భయం చూశాను.

ఒక శుక్రవారం మధ్యాహ్నం పెద్దసారు ఆమెను పిలిచాడు.

“మీ కాగితాలు ఇవాళే హెడ్డాఫీసుకు పంపుతున్నానమ్మా. మీ చేతిలో ఉన్న ఆ రాతి రిపోర్టు కూడా ఇచ్చేస్తే కలిపి పంపేస్తాను. దానికోసం వాళ్లు కాచుకుని కూర్చున్నారు. మీ సంతకంతో రిపోర్టు కూడా చేరితే మీ కాగితాలు త్వరగా కదులుతాయి.”

ఆ రాతి పరీక్ష ఏమిటో చెప్పాలి. బావిలోంచి తీసిన రాతిలో వేలెడు పొడుగున్న గుండ్రటి ముక్క కోస్తారు. దాన్ని ప్లగ్గు అంటాం. ముందు దాన్ని మిషన్‌లో బిగించి, దాని గుండా నూనె తోసి, ఎంత సులువుగా వెళ్తోందో కొలుస్తారు. తర్వాత బయటికి తీసి, ఒక ముఖానికి బురద పట్టించి, వేడిలో, ఒత్తిడిలో కొన్ని గంటలుంచుతారు. మళ్లీ మిషన్‌లో బిగించి, ఈసారి బురద తగలని ముఖం వైపు నుంచి నూనె తోస్తారు. బావిలోకి చమురు వచ్చే దారి అదే కదా. మొదట వంద వెళ్లినచోట ఇప్పుడు ఎనభై అయిదు వెళ్తే బురద మంచిది. నలభై వెళ్తే ఆ బురద రాతిని చంపేసిందని అర్థం. ఏ ముఖం ఎటో తెలియడానికి ప్లగ్గు మీద పెన్సిల్‌తో, మొన బురద ముఖం వైపు ఉండేలా, బాణం గీస్తారు.

పరీక్ష అయ్యాక ప్లగ్గును బయటికి తీసి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసుకున్నాకే రిపోర్టు రాయడం అక్క పద్ధతి. ఆ శుక్రవారం తీయలేదు. పదింటికి ఫోన్ చేసే ఇంజనీరు కలిపిన బురద అది. మిషన్ ముప్పై ఎనిమిది అని చూపించింది. “ఇంత తక్కువా? పాపం ఆయన” అనుకుంటూనే రాసి నాకిచ్చింది. నేను కొట్టి ఇచ్చాను. అయిదింటి టపాలో రెండు కవర్లూ వెళ్లిపోయాయి. ఆ సాయంత్రం ఆమె మొహం వెలిగిపోతోంది. నన్ను క్యాంటీన్‌కు తీసుకెళ్లి టీ ఇప్పించింది. పదకొండేళ్లలో ఆమె అయిదు దాటాక ఆఫీసులో నవ్వుతూ కూర్చోవడం అదే మొదటిసారి.

టపా చేరేదాకా ఆగకుండా పెద్దసారు ఫోన్ చేయడంతో బావివాళ్లకు అంకె ఆ రాత్రికే చేరిపోయిందట. సోమవారం పదింటికి ఫోన్ మోగింది.

“నన్ను దించేస్తున్నారమ్మా” అన్నాడు ఇంజనీరు. “సాయంత్రం బండికి వెళ్లిపొమ్మన్నారు.”

“అయ్యో, ఎందుకండీ?”

“ముప్పై ఎనిమిదంటే ఇంకేం మిగిలిందమ్మా? బావిని పాడుచేశానని రాసివ్వమన్నారు. రాసిచ్చేశాను.”

“మీరెందుకు రాసిచ్చారు? మీ బురద మీద మీకు నమ్మకం లేదా?”

“ఉండేది. కానీ పరీక్ష చేసింది మీరు కదా. మీరు చేశారంటే తప్పుండదు. నేనే ఎక్కడో తప్పు కలిపాను. ఎక్కడ తప్పానా అని రెండు రోజులుగా అదే ఆలోచన.”

అక్క రిసీవర్ పెట్టేసి లోపలికి వెళ్లింది. చాలాసేపు చప్పుడు లేదు. నాకు అనుమానం వచ్చి వెళ్లి చూశాను. మిషన్ విప్పి ఉంది, ప్లగ్గు ఆమె అరచేతిలో ఉంది.

“తిరగేసి పెట్టానే” అంది.

విప్పేసరికి బాణం మొన నూనె వచ్చే గొట్టం వైపు ఉందట. బురద మరకా అటే. ముఖానికి పట్టిన బురదను బయటికి నెట్టాల్సిన నూనెతో, ఆ బురదనంతా రాయిలోకి కుక్కేసింది. ఇక అందులోంచి ఏం వెళ్తుంది?

నేను చేసిన మొదటి పని తలుపు మూయడం. నన్ను చూసి నాకే సిగ్గేసింది గానీ, మూశాను.

“ఎవరూ చూడలేదుగా?” అన్నాను.

“ఆయన రాసిచ్చేశాడే.”

“ఆయనకు ఇంకో బావి దొరుకుతుంది. మీకు ఇంకో ల్యాబు దొరకదు.”

“నా అంకె చూసి రాసిచ్చాడు” అంది మళ్లీ. నేను మూసిన తలుపు తెరుచుకుని పెద్దసారు గదికి వెళ్లింది. నన్నూ పిలిచారు.

పెద్దసారు చెడ్డవాడేం కాదు. తిట్టలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు.

“రిపోర్టు వెనక్కి తీసుకుందామమ్మా. ఆ ఇంజనీరును కదల్చొద్దని ఇప్పుడే ఫోన్ చేస్తాను. అదే రాతిలోంచి తీసిన జంట ప్లగ్గు ఉంది కదా, దానిమీద మళ్లీ చేద్దాం. అంతా సర్దుకుంటుంది. ఒక్క కారణం దగ్గర మాత్రం ‘పరికరంలో లోపం’ అని రాద్దాం. మీ పేరు రాస్తే రికార్డులోకి ఎక్కుతుంది. ఎక్కితే పొడిగింపు మీద ఆశ వదులుకోవాల్సిందే. బురదలో రాయి వేస్తే మన మీదే చిందుతుంది. మీకు నేను చెప్పాలా?”

నాకు ప్రాణం లేచి వచ్చింది. పామూ చావదు, కర్రా విరగదు. ఆ మనిషికి మనసులోనే దండం పెట్టుకుని, పరుగున వచ్చి ఉత్తరం కొట్టి అక్క చేతిలో పెట్టాను. ఆమె నా బల్ల పక్కన నిలబడి మూడుసార్లు చదివింది.

“ఈ మిషన్ మీద ఇప్పటిదాకా ఎన్ని ప్లగ్గులు చేశాను?”

రిజిస్టరు నా దగ్గరే ఉంటుంది. “నాలుగొందల పన్నెండు.”

“మిషన్‌లో లోపం అని రాస్తే అవన్నీ ఏమవుతాయి?”

“ఏమీ కావు. బీరువాలో ఉంటాయి. ఎవరు తవ్వుతారక్కా వాటిని?”

“ఆ అంకెల్ని నమ్ముకుని ఎన్ని బావుల దగ్గర బురద కలుపుతున్నారో తెలుసా? ఎవరో ఒకరు అడుగుతారు, మా ప్లగ్గు చేసిన రోజు కూడా లోపముందా అని. అప్పుడేం చెప్తాం?”

“లేదని చెప్తాం.”

“ఎందుకు నమ్మాలి?”

నాకు ఒళ్లు మండిపోయింది. “మిషన్‌కి సర్వీసు రికార్డుందా? రిటైర్మెంటుందా? శుక్రవారం ఇంటికెళ్లి సోమవారం దాకా నోరు మూసుకుని కూర్చుంటుందా? దాని మీద వేస్తే దానికేం పోయింది? కూర్చున్న కొమ్మను ఎవరైనా నరుక్కుంటారా అక్కా?”

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.

“నాకూ ఉండాలనే ఉందే. చాలా ఉంది. పొద్దున లేచి రావడానికి నాకు ఒక చోటు కావాలి. నాకు భయంగా ఉంది.” ఉత్తరం నా ముందు పెట్టింది. “అయినా ఇది వద్దు. వేరే కాగితం పెట్టు. పరికరంలో లోపం లేదు, ప్లగ్గును నేనే తిరగేసి అమర్చాను. ఇలా కొట్టు.”

కొట్టాను. ఎంత కోపంగా కొట్టానంటే, వాక్యం చివర చుక్క పెట్టినచోట కాగితానికి చిల్లుపడింది. ఆ కాగితమే వెళ్లింది. పెద్దసారు చదివి, ఏదో అనబోయి, మానేసి సంతకం పెట్టాడు.

జంట ప్లగ్గు మీద ఆమె మూడు రోజులు పనిచేసింది. ఎనభై ఆరు వచ్చింది. ఇంజనీరు రాసిచ్చిన కాగితం చించేశారు, ఆయన తన బావి దగ్గరే ఉండిపోయాడు. మర్నాడు పదింటికి ఫోన్ చేశాడు. గొంతులో హుషారు ఉంది.

“ఏం జరిగిందమ్మా? మిషన్‌కి ఏమైనా అయిందా?”

“లేదండీ. ప్లగ్గు నేనే తిరగేసి పెట్టాను. నన్ను క్షమించండి.”

ఈసారి ఆయన గొంతు పంపుల మోతలోంచి సన్నగా వినిపించింది. అందులో కోపం కూడా లేదు.

“నాకు నిద్ర లేదమ్మా అన్ని రోజులూ. ముప్పై ఏళ్ల పని మీద నమ్మకం పోయింది నాకు. సరేనండీ, ఉంటాను.”

మర్నాడు పదింటికి ఫోన్ మోగితే అక్క అంకెల కాగితంతో నా బల్ల దగ్గరే నిలబడి ఉంది. ఆమె చేయి ముందుకు వచ్చింది. నేను రిసీవర్ ఎత్తి హలో అన్నాను. “ఆ అంకెలు మీరే చదివేయండమ్మా” అన్నాడు ఆయన. అక్క వింది. కాగితం నా ముందు పెట్టి లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు ఆయన మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. కానీ ఆయన్ని ఏమని తిట్టను? ఆయన తప్పేముంది?

పొడిగింపు ఇవ్వలేమని హెడ్డాఫీసు నుంచి రెండు వరుసల ఉత్తరం వచ్చింది. మిగిలిన రోజులు అక్క ఎప్పటిలాగే పనిచేసింది, ఎప్పటిలాగే అరగంటకు అరగంటా కూర్చుంది. చివరి రోజు మా వాళ్లు ఆమెకు గోడ గడియారం ఇచ్చారు. ఒంటరి మనిషికి ఇవ్వడానికి వీళ్లకు ఇంకేమీ దొరకలేదు. పెద్దసారు మాట్లాడుతూ ఆమె నిజాయితీని ఆకాశానికెత్తాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత అందరూ ఎవరి బస్సు వాళ్లు ఎక్కారు.

నెలన్నర తర్వాత పెన్షన్ కాగితాల మీద సంతకం కావాల్సివచ్చి పెద్దసారు నన్ను ఆమె ఇంటికి పంపాడు. పదకొండేళ్లలో నేను ఆ ఇంటికి వెళ్లడం అదే మొదలు. రాసుకోవడానికే సిగ్గుగా ఉంది. రెండో అంతస్తులో రెండు గదులు. నేను తలుపు కొట్టకముందే తెరుచుకుంది, మెట్ల మీద అడుగుల చప్పుడు విందట.

“పై అంతస్తువాళ్లనుకున్నా. నువ్వా! రా, రా.”

కిటికీ దగ్గర ఒక కుర్చీ ఉంది. రెండో కుర్చీ మీద ఉన్న మడతబట్టలు తీసి మంచం మీద వేసింది. టీకి రెండో కప్పు పై అరలోంచి దించి, దుమ్ము కడిగింది. ఇస్త్రీ చీర, ముడి వేసిన జుట్టు, బయటికి వెళ్లడానికి తయారైనట్టే ఉంది. ఎక్కడికైనా వెళ్తున్నారా అని అడగబోయి ఆగాను.

సంతకాలు పెట్టింది. కలం మూత పెడుతూ అడిగింది.

“ఆయన ఫోన్ చేస్తున్నారా?”

“రోజూ చేస్తారు.”

“నా గురించి ఏమైనా...?”

అబద్ధం నోటిదాకా వచ్చింది. ఆమె నా మొహమే చూస్తోంది. “లేదక్కా” అన్నాను.

తలూపింది. కాసేపు కిటికీలోంచి వీధి చూసింది.

“ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. మిషన్ అని రాసుంటే సరిపోయేదేమో కదే?”

నేను సంతకాల కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నాను.

“పొద్దున లేస్తాను. స్నానం చేసి చీర కట్టుకుని ఎనిమిదింటికల్లా తయారవుతాను. తయారయ్యాక గుర్తొస్తుంది. ఇక ఈ కుర్చీలో కూర్చుని రోజంతా అదే అనుకుంటాను. ఒక్క మాట రాసుంటే ఇప్పుడు అక్కడ ఉండేదాన్ని కదా అని. నాలుగొందల పన్నెండు ప్లగ్గులు ఎవరికి కావాలే? నువ్వు చెప్పిందే నిజం. ఎవరు తవ్వుతారు?” ఆమె ఏడుస్తోంది. ఏడుస్తున్నానని దాచుకోవడం లేదు.

‘నేను చెప్పలేదా’ అనే మాట నెలన్నరగా నా నాలుక చివరే ఉంది. దారి పొడుగునా బస్సులో దాన్ని నూరుకుంటూనే వచ్చాను. తీరా ఆ రెండు కుర్చీల మధ్య నా నోట్లోంచి వచ్చింది వేరే మాట.

“లేదక్కా. అడిగారు.”

“ఎవరు?”

“పోయిన వారం ఒక బావివాళ్లు ఫోన్ చేశారు. పాత రిపోర్టు నమ్మొచ్చా, మీ మిషన్ సరిగ్గానే ఉందా అని. మేడమ్ చేసిందండీ, మిషన్ మీద ఏ తప్పూ లేదని కాగితం కూడా ఉందని చెప్పాను. అయితే సరేనన్నారు.”

ఆమె ఏడుపు ఆగింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

“ఏ నంబరు ప్లగ్గు?”

ఈవిడ నంబరు అడుగుతుందని నాకు తట్టలేదు. తట్టాల్సింది.

“రెండొందల ఆరు” అనేశాను.

“రెండొందల ఆరా?” ఆమె కళ్లు చిన్నవయ్యాయి. ఇక పట్టుబడ్డాననుకున్నాను. “అది ఎర్రటి రాయి కదే! అంచు విరుగుతుంటే మూడు ముక్కలు కోయాల్సివచ్చింది. డెబ్భై తొమ్మిది వచ్చింది. నాకు నమ్మకం కుదరక మళ్లీ చేస్తే మళ్లీ అంతే వచ్చింది. మంచిపని చేశారు అడిగి. ఆ రాతికి ఉప్పు ఎక్కువైతే ఊరుకోదు, ఆ సంగతి కూడా వాళ్లకు చెప్పు...”

చెబుతూనే ఉంది. చేతులతో ఆ రాయి ఎంత ఉందో చూపిస్తోంది. నేనెక్కాల్సిన ఆరింటి బస్సు కింద వీధిలోంచి వెళ్లిపోవడం వినబడింది. నేను లేవలేదు.

గుమ్మం దగ్గర నా చేయి పట్టుకుంది. “ఇంకెవరైనా అడిగితే వచ్చి చెప్పు.”

ఎవరూ అడగలేదు. ఇవాళ్టిదాకా ఒక్క బావివాళ్లు కూడా ఏ రిపోర్టూ అడగలేదు. నేను మాత్రం నెలకోసారి వెళ్తున్నాను. వెళ్లేముందు బీరువాలోంచి పాత రిజిస్టరు తీసి ఒక నంబరు చూసుకుంటాను. పోయిన నెల మూడొందల నలభై.